గ్లూకెల్ జ్ఞాపకములు : ఒక వృద్ధ వనిత రచన - చారిత్రక ప్రామాణ్యము

స్వీయచరిత్రము లనగనే ప్రసిద్ధ పురుషుల రచనలే మనకు ముందుగా స్ఫురించును. వీరేశలింగముగారి స్వీయచరిత్రమువంటి గ్రంథములు లోకము చదువుటకు వ్రాయబడినవి. తన సంతానముకొరకు మాత్రమే ఒక స్త్రీ వ్రాసికొనిన జ్ఞాపకములను చరిత్రకారుడు ఎంతవరకు ప్రమాణముగా గ్రహింపవచ్చును? ఈ ప్రశ్నను హాంబుర్గు నగరపు యూదువనిత గ్లూకెల్ రచన ఆధారముగా పరిశీలింపదలచితిమి.

గ్లూకెల్ 1646-47 ప్రాంతమున జన్మించినది. పదునాలుగేండ్లకే హామెల్న్ నివాసియగు హయీమునకు భార్యయై, కొలదికాలమునకే భర్తతో హాంబుర్గునకు మరలివచ్చినది. 1689లో భర్త మరణించునాటికి పండ్రెండుగురు బిడ్డలలో ఎనమండుగురకు వివాహములు కాలేదు. ఋణములు 20,000 టాలరులు. ఆమె సరకులను వేలము వేయించి ఋణములు తీర్చినది. మేజోళ్ల కర్మశాల నడపినది. లైప్జిగు, బ్రాన్స్వీక్ సంతలకు స్వయముగా ప్రయాణములు చేసినది. రాత్రులు నిద్రపట్టని దుఃఖమున 1691లో యిడ్డిషు భాషలో ఈ రచనకు పూనుకొన్నది.

గ్రంథమున సాంఘిక చరిత్రకు ఉపకరించు విషయములు సమృద్ధిగా నున్నవి. ఆమె శైశవమున యూదులు హాంబుర్గునుండి బహిష్కృతులై ఆల్టోనాలో తలదాచుకొనిరి. అనుమతిపత్రములు కొనుక్కొని వ్యాపారమునకై దినదినము నగరమునకు పోవుచుండిరి. 1665-66లో సబ్బతాయి జెవి తాను రక్షకుడనని ప్రకటించుకొనినప్పుడు, ఆమె మామ పవిత్రభూమికి పయనము కానున్నదని నమ్మి, వస్త్రములు, బఠానీలు, ఎండుమాంసము నింపిన పీపాలను హాంబుర్గునకు పంపి చాలకాలము నిరీక్షించెను. ఒక మహోద్యమము సామాన్య గృహములను ఎట్లు కదలించినదో ఈ పీపాలు తెలిపినంతగా మతగ్రంథములు తెలుపజాలవు.

అయినను ఈ సాక్ష్యమును ఒకే తీరున గ్రహింపరాదు. ఆల్టోనా వృత్తాంతము ఆమె పెద్దలవలన విన్నదే గాని చూచినది కాదు. అంతకంటె ముఖ్యమైనది రచనాకాలము. ఏడు భాగములలో మొదటి యైదు 1691-99 నడుమ వ్రాయబడినవి. చివరి రెండు 1715-19 నడుమ. ఈ రెండు కాలముల మధ్యనే ఆమె జీవితము తలక్రిందులైనది. వ్యాపారమున నష్టపోయి బిడ్డలకు భారమగుదునేమో యను భయముతో 1700లో ఫ్రాన్సు ఏలుబడిలోని మెట్జ్ నగరమునకు తరలిపోయి, హిర్ష్ లేవీ అను ధనికుని ద్వితీయ వివాహమాడినది. రెండేండ్లలో అతడు దివాలా తీసెను. ఆమె ధనమును దానితో పోయినది. 1712లో అతడు మరణించెను. దేనికి వెరచి దేశము విడిచినదో అదియే సంభవించి, 1715లో కుమార్తె యింట చేరవలసివచ్చినది.

కనుక ఆ వివాహ ప్రయాణమును వర్ణించు వాక్యములు 1700 నాటి మనస్సును గాక, పదునైదేండ్ల పశ్చాత్తాపమును తెలుపుచున్నవి. ఆ నిర్ణయమును ఆమె పాపముగా తలపోయుట మనకు ఆమె దుఃఖమునకు ప్రమాణమే గాని, నిర్ణయకారణమునకు ప్రమాణము కాదు. కారణములకై మొదటి యైదు భాగములలోని వితంతు జీవితమును, సంతల ప్రయాసమును, పెండ్లి కావలసిన బిడ్డల చింతను చూడవలెను. రెండు పొరలను కలిపి చదివినవారు ఆమెను అవివేకినిగా తలంతురు. విడదీసి చదివినచో ఆనాటి యొంటరి స్త్రీకి గల మార్గములెంత సంకుచితములో తేటపడును.

ప్రతి విషయమునను మరియొక జాగ్రత్త యవసరము. మూలప్రతి నష్టమైనది, కుమారుడు మోషే వ్రాసిన ప్రతివలననే గ్రంథము నిలిచినది. దానిని 1896లో డేవిడ్ కౌఫ్మన్ ముద్రించెను; 2006లో హవా తుర్నియాన్స్కీ సవిమర్శముగా పరిష్కరించెను.

గ్లూకెల్ 1724లో మెట్జ్‌లోనే మరణించినది. బిడ్డలకు తమ వంశము తెలియవలెననుటయే ఆమె సంకల్పము. చరిత్ర వ్రాయుచున్నానని ఆమె యెరుగదు. ఎరుగకపోవుటవలననే ఆమె అప్పులు, ప్రయాణములు, భయములు యథాతథముగా మనకు దక్కినవి. మన యిండ్లలో వృద్ధస్త్రీలు చెప్పుకొను మాటలను సేకరింప బూనువారు, చెప్పిన విషయముతోపాటు ఏ వయస్సున, ఏ కష్టము తరువాత చెప్పిరో కూడ వ్రాసికొనుట అవశ్యకర్తవ్యమని మా అభిప్రాయము.