అంధకవృష్ణి సంఘమునందలి పక్షభేదము

రాజ్యతంత్రమును పరిశీలించువారు నేఁటి రాజ్యములను వానియందలి పక్షముల సంఖ్యనుబట్టి ఏకపక్షవ్యవస్థ, ద్విపక్షవ్యవస్థ, బహుపక్షవ్యవస్థ యని మూఁడు విధములుగా విభజించుచున్నారు. 1951 వ సంవత్సరమున ఫ్రెంచి పండితుఁడగు మారిస్ దువెర్జే ప్రకటించిన గ్రంథమువలన నీ చర్చకు మిక్కిలి ప్రచారము కలిగెను. రాజకీయపక్షమనునది పాశ్చాత్యదేశములఁ బుట్టి యిచటికి వచ్చినదని సామాన్యముగాఁ దలఁతురు. ఎన్నికలును, సభ్యుల పట్టికయు, ప్రణాళికయుఁ గల నేఁటి పక్షమునుగూర్చి యామాట నిజమే. కాని యొక రాజ్యమునందే యుండి, యొక నాయకుని పేరఁ గూడి, యధికారముకొఱకు వేఱొక కూటమితోఁ బోరాడు జనసమూహము పక్షమగునేని, అట్టివి యీ దేశమునఁ బ్రాచీనకాలముననే యెఱుఁగఁబడియుండెను. అందులకు సాక్ష్యము వ్యాకరణశాస్త్రమునందే కలదు.

వర్గశబ్దము బాలురకును తెలిసినదే. కవర్గము, చవర్గము అని యక్షరములు నేర్చునపుడే వారు దానిని విందురు. పాణిని చతుర్థాధ్యాయమున వర్గశబ్దము చివర గల ప్రాతిపదికముమీఁద, అందుండునది యను నర్థమున, ఛప్రత్యయమును విధించెను. దానిచేఁ గవర్గీయమను రూపము సిద్ధించుచున్నది. వెనువెంటనే, చెప్పఁబడునది శబ్దము కానిచో యత్ప్రత్యయమును ఖప్రత్యయమును వికల్పముగా వచ్చునని వేఱొక సూత్రము చేసెను. కాన నక్షరమునకుఁ గవర్గీయమని యొక్కటే రూపము. మనుష్యునకైనచో వర్గ్యుఁడు, వర్గీణుఁడు, వర్గీయుఁడు అని మూఁడు రూపములు. ఈ సూత్రమునకుఁ గాశికాకారుఁడు వాసుదేవవర్గ్యుఁడు, యుధిష్ఠిరవర్గ్యుఁడు అను నుదాహరణముల నిచ్చెను. అతనికి దాదాపు ఎనిమిదివందల యేండ్లకు ముందే పతంజలి మహాభాష్యమున అక్రూరవర్గ్యుని, వాసుదేవవర్గ్యుని జంటగా నుదాహరించియుండెను. 1924 లో ప్రకటితమైన హిందూ పాలిటీ యను గ్రంథమునఁ గాశీప్రసాద జాయస్వాలు ఈ శబ్దములను రాజకీయపక్షములకు వాచకములుగా గ్రహించెను.

ఈ సాక్ష్యమునకు బల మెంతయో విచారింపవలసియున్నది. ఉదాహరణములు వ్యాఖ్యాతలవి, సూత్రము మాత్రమే పాణినిది. వ్యాఖ్యాతలు కథలలోని పేళ్లను గ్రహించి ప్రయోగింపవచ్చును. కావున వాసుదేవాక్రూరుల పక్షములు పాణినికాలమున నుండెనని దీనిచేత సిద్ధింపదు. సిద్ధించునవి వేఱు రెండు కలవు. శబ్దములు కాని వర్గములును, అందుండువారికిఁ బ్రత్యేకమైన పేళ్లును పాణినినాఁటి వ్యవహారమున నుండెననుట యొకటి. క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్దమున వ్యాకరణము చదువు శిష్యునకు అక్రూరవర్గ్యుఁడనఁగా నెవఁడో విడమరచి చెప్పనక్కఱ లేకుండెననుట రెండవది. మఱియు వాసుదేవునియందు భక్తిగలవానికి వాసుదేవకుఁడను వేఱు రూపమును పాణిని సాధించియున్నాఁడు. భక్తుఁడు వేఱు, పక్షమువాఁడు వేఱు. ఆ భేదమును భాషయే పాటించినది.

అష్టమాధ్యాయమున ద్వంద్వశబ్దము నిపాతితమగు నర్థములలో వ్యుత్క్రమణ మొకటి. ఒక్కటిగా నుండవలసినవారు చీలి రెండు వర్గములుగా వేఱు నిలుచుటయే వ్యుత్క్రమణమని వృత్తికారుఁడు వివరించెను. చీలిక యనఁగా నిదియే. దీనికి నియతమైన పదప్రయోగము ఏర్పడుటచే నది యరుదైన సంగతి కాదని తోఁచును.

అంధకవృష్ణుల రాజ్యము ఏకరాజశాసనము కాదు. షష్ఠాధ్యాయమునందు స్వరవిధానము చేయుచుఁ బాణిని అంధకవృష్ణులలోని రాజన్యులను బేర్కొనెను. రాజన్యులనఁగా నభిషిక్తవంశమునఁ బుట్టిన క్షత్రియులని కాశిక చెప్పుచున్నది. శ్వాఫల్కులు, చైత్రకులు, రోధకులు, శినులు, వాసుదేవులు అచటి యుదాహరణములలోని కులములు. ఆ సంఘమునందే పుట్టియు నభిషిక్తవంశ్యులు కానివారికిఁ బ్రత్యుదాహరణమును గలదు. అనఁగా నధికారము కొన్ని కులములకుఁ బరిమితమై, యాకులముల నడుమఁ బంచుకొనఁబడియుండెను. వృష్ణుల పేరఁ బ్రాచీనమైన వెండినాణె మొకటి దొరకినది. దానిపై నేరాజు పేరును లేదు. రాజన్యశబ్దమును, గణశబ్దమును మాత్రము కలవు.

ఇట్టి సంఘమునఁ బక్షభేద మెట్లుండునో శాంతిపర్వమునందలి కృష్ణనారద సంవాదము తెలుపుచున్నది. భోగములలో సగమే యనుభవించుచు జ్ఞాతుల దుర్భాషల నోర్చుకొనుచున్నానని కృష్ణుఁడు చెప్పుకొనెను. సంకర్షణునకు బలము, గదునకు సౌకుమార్యము, ప్రద్యుమ్నునకు రూపము గలవనియు, తనకు మాత్రము సహాయులు లేరనియు వాపోయెను. ఆహుకాక్రూరులు తనవారైనను దుఃఖమే, కాకున్నను దుఃఖమే యనెను. ఇద్దఱు జూదరులగు కొడుకులకుఁ దల్లియైనది యొకని జయమును గోరుచు రెండవవాని యపజయమును గోరలేని తెఱఁగునఁ దానున్నానని పోలిక చెప్పెను. నారదుఁ డిచ్చిన ప్రత్యుత్తరము తీక్ష్ణమైనది. ఈ యాపద వెలుపలినుండి వచ్చినది కాదు, స్వయంకృతము. బభ్రూగ్రసేనులకు విడిచిన యధికారమును మరలఁ గొనఁబూనినచో జ్ఞాతిభేదము కలుగును. భేదమువలన సంఘములు నశించును. కావున ఇనుముతోఁ జేయని శస్త్రమును, అనఁగా నన్నదానము, ఓర్పు, ఋజుత్వము, మృదుత్వము, గౌరవింపఁదగినవారిని గౌరవించుట యనువానిని, ప్రయోగింపుమని యతఁడుపదేశించెను.

ఉపదేశము శ్రేష్ఠమైనదే. కాని యది నాయకుని స్వభావమునకు సంబంధించినది. సంఘమునకు నియమము నేర్పఱచునది కాదు. ఓడినపక్ష మెచట నిలువవలెను, దాని వంతు ఎప్పుడు వచ్చును అను ప్రశ్నకు ఆ సంవాదమున సమాధానము లేదు. శ్యమంతకోపాఖ్యానమున నీ లోపము స్పష్టముగాఁ గానవచ్చును. మణికొఱకై సత్రాజిత్తు చంపఁబడెను. చంపిన శతధన్వునకుఁ బ్రోత్సాహ మిచ్చినవారు అక్రూరుఁడును, కృతవర్మయును. మణి యక్రూరునియొద్ద దాఁగియుండఁగా నింద వాసుదేవునిపైఁ బడెను. పక్షముల నడుమఁ దీర్పుచెప్పఁగల స్థానము లేనిచో, సందేహమే సాక్ష్యమగును. భారతయుద్ధమున సాత్యకి పాండవులఁ గూడెను, కృతవర్మ కౌరవులఁ గూడెను. యుద్ధము ముగిసిన పిదప ముప్పదియాఱవయేఁట ప్రభాసమున వారిరువురు నొండొరుల నధిక్షేపించుకొనిరి. నిద్రించువారిని జంపినవాఁడవని సాత్యకి, చేయి తెగిన భూరిశ్రవసుని జంపినవాఁడవని కృతవర్మ. అపుడు శ్యమంతకపు పాతకథయు మరల లేచెను. సాత్యకి కృతవర్మ తల ద్రుంచెను. భోజాంధకులు సాత్యకిని జుట్టుముట్టి చంపిరి. ఋషిశాపమును నిమిత్తముగాఁ జెప్పిన యితిహాసమే కలహమునకు మొదలు పాతపగయని చూపుచున్నది. 1909 లో శామశాస్త్రి ప్రకటించిన కౌటిలీయమున సంఘవృత్తమను నధికరణమంతయు నిట్టి సంఘములందు భేదము పుట్టించు నుపాయములతో నిండియుండుట గమనింపఁదగినది. ఇంటిలోని పగకు వెలుపలి శత్రువు కాచికొనియుండును.

ద్విపక్షవ్యవస్థయే నాశనహేతువని దీనినుండి తేల్చుట తొందరపాటగును. ఇంగ్లండునందు విగ్గులు, టోరీలు అను పేళ్లు 1679 మొదలు 1681 వఱకు సింహాసనపు వారసత్వమునుగూర్చి జరిగిన వివాదమున నిందార్థమునఁ బుట్టినవి. 1683 లో విగ్గుపక్షమువారగు విలియం రస్సెల్, ఆల్జర్నన్ సిడ్నీ రాజద్రోహాపరాధమున శిరశ్ఛేదము పొందిరి. నాఁటి ఇంగ్లండునకును ప్రభాసమునకును దూరము కొంచెమే. 1826 లో జాన్ హాబ్‌హౌస్ పార్లమెంటున రాజుగారి ప్రతిపక్షమను మాటను వాడెను. రాజును సేవించుచునే మంత్రులను ప్రతిఘటింపవచ్చునను భావ మప్పటికి కుదురుకొనెను. 1937 లో ప్రతిపక్షనాయకునకు చట్టముచే జీత మేర్పడెను. పక్షములు ముఖ్యముగా రెండే. మాఱినది ఓడినవాని స్థితి.

బహుపక్షవ్యవస్థయు నిట్లే పరీక్షింపఁదగును. 1870 నుండి 1940 వఱకు ఫ్రాన్సునందలి మూఁడవ ప్రజాప్రభుత్వమున మంత్రివర్గములు సగటున నొక్కయేఁడైన నిలువలేదు. అయినను పదవి పోయిన మంత్రికిఁ దల పోలేదు. ఏకపక్షవ్యవస్థ యన్ననో భేదమునకుఁ దావీయకుండుటచే సంఘము నిలుచునని చెప్పుకొనును. రష్యాలో 1921 నాఁటి పక్షమహాసభ లోపలి వర్గములను నిషేధించెను. వర్గములు పోలేదు, ద్రోహమను పేరఁ బిలువఁబడెను. విప్లవనాయకులలోఁ బెక్కండ్రు 1936 మొదలు 1938 వఱకు జరిగిన విచారణలలో మరణదండన పొందిరి. భారతదేశమున 1952 మొదలు 1967 వఱకు కాంగ్రెసు ప్రబలమైయుండఁగా, దాని లోపలి వర్గములే ప్రతిపక్షపుఁ బనిలోఁ గొంత నిర్వహించెనని 1964 లో రజనీ కొఠారీ వ్రాసెను. వ్యుత్క్రమణమునకును ఈ దేశపు రాజ్యాంగము హద్దు గీసినది. 1985 లో చేర్చిన పదవ షెడ్యూలు శాసనసభాపక్షమున మూఁడవవంతు సభ్యులు చీలినచో వారి సభ్యత్వము పోదనెను. 2003 లో నా మినహాయింపు తొలఁగింపఁబడెను.

సంఖ్యనుబట్టి చేసిన విభాగము పక్షవ్యవస్థకు రూపమును జెప్పును గాని ప్రాణమును జెప్పదు. పాణిని తృతీయాధ్యాయమునఁ బర్యాయశబ్దమును సాధించుచుఁ గ్రమము తప్పకుండుట యను నర్థమును నియమించెను. నీ వంతు, నా వంతు అను వ్యవహారమే కాశిక చూపిన యుదాహరణము. పర్యాయమున్నచోట రెండు పక్షములున్నను, పది పక్షములున్నను రాజ్యము నిలుచుటకు వీలు కలదు. పర్యాయము లేనిచోట పక్షమొక్కటియైనను అది లోలోపల రెండగును. అంధకవృష్ణులకు వర్గ్యులుండిరి, రాజన్యులుండిరి, నారదుని వంటి హితోపదేష్టయు నుండెను. వంతు మాత్రము లేకుండెను.