రెండు వారసత్వాలు

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో లించ్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. జాక్ డేనియల్ విస్కీ కాచేది అక్కడే. ఆ బట్టీ చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. వాళ్లను వెంటబెట్టుకుని తిప్పే గైడు తరచుగా ఆ ఊరివాడే. తన తాత ఈ బట్టీలోనే పనిచేశాడనీ, తండ్రీ ఇక్కడే పనిచేశాడనీ, ఇప్పుడు తన వంతు వచ్చిందనీ చెప్పుకోవడం అక్కడ పరిపాటి. యాత్రికులకు ఆ మాట ముచ్చటగా ఉంటుంది. తరతరాల పనితనం అనగానే మన మనస్సు కూడా మెత్తబడుతుంది. కులవృత్తిని పొగిడే పద్యాలు బట్టీపట్టి పెరిగినవాళ్లం కదా! ఈ వంశపారంపర్యం అనే మాటను కొంచెం నిలదీసి చూడాలనే నేనీ వ్యాసం రాస్తున్నాను.

1992లో దూబగుంట మహిళలు లేవదీసిన ఉద్యమాన్ని చూసిన మనకు సారా బట్టీ చరిత్రతో ఏం పని అని అడిగే మిత్రులుంటారు. సరుకు మంచిచెడ్డలు వేరు, దాన్ని తయారుచేసిన చేతుల చరిత్ర వేరు. నేను మాట్లాడేది రెండోదాన్ని గురించి.

గైడు చూపించే వాటిలో మొదట చెప్పుకోవలసింది బొగ్గు. చక్కెర మేపుల్ చెట్టు కర్రను కొయ్యలుగా కోసి, పేర్చి, ఆరుబయట కాలుస్తారు. ఆ బొగ్గును నలగగొట్టి సుమారు పదడుగుల లోతున తొట్లలో నింపుతారు. కొత్తగా కాచిన సారా అందులోంచి బొట్లు బొట్లుగా రోజుల తరబడి కిందికి దిగాలి. మొక్కజొన్న నూటికి 80 పాళ్లు, మొలకెత్తించిన బార్లీ 12, రై 8 కలిపి, సున్నపురాతి గుహలోంచి వచ్చే ఇనుము లేని ఊటనీటితో పులియబెట్టి కాచిన సారా అది. మంట ఎప్పుడు ఆర్పాలో, పులుపు ఎక్కడ ఆగాలో పుస్తకం చూసి నేర్చుకునేవి కావు. పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలి. జాక్ డేనియల్‌కు నేర్పిన మనిషెవరు? అసలు ప్రశ్న ఇదే.

చాలాకాలం పాటు చెప్పిన జవాబు: డాన్ కాల్ అనే లూథరన్ మతబోధకుడు. ఆయనకు దుకాణంతోపాటు సారా బట్టీ ఉండేది. చిన్ననాడే ఇల్లు విడిచిన జాక్ ఆయన దగ్గర పనికి కుదిరాడు. ఇంతవరకు నిజమే. కాని ఆ బట్టీ దగ్గర కాచేవాడు కాల్ కాదు. నేథన్ గ్రీన్ అనే నల్లజాతి బానిస. అందరూ నియరెస్ట్ అని పిలిచేవారు. అతడు కాల్ సొత్తు కూడా కాదు, మరొకరి దగ్గర అద్దెకు తెచ్చుకున్నవాడు. అంటే మనిషితోపాటు అతని విద్య కూడా అద్దెకు వచ్చిందన్నమాట. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత జాక్ సొంత బట్టీ పెట్టుకుని, నియరెస్టును పెద్ద మేస్త్రిగా పెట్టుకున్నాడు. జాక్ బానిసల యజమాని కాడు. గురువుకు జీతమిచ్చాడు, ఆయన కొడుకులకు పనిచ్చాడు. ఈ మాట చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఇది ఒక్క లించ్‌బర్గ్ సంగతి కాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1797లో తన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో విస్కీ కాయించడం మొదలుపెట్టాడు. అందుకు సలహా ఇచ్చింది జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండు మేనేజరు. 1799లో దాదాపు 11,000 గ్యాలన్లు తీశారు. ఆ పని చేసిన బానిసలు ఆరుగురు: హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, తిమోతి. ఇంటిపేర్లు లేని ఈ పేర్లు వాషింగ్టన్ ఆస్తి లెక్కల వల్ల మిగిలాయి. ఇక్కడ శ్రీశ్రీని ఉదహరించడం మన వ్యాసకర్తలకు అలవాటు. పాఠకులకు ఎలాగూ గుర్తొస్తాడు కనుక నేనా పని చేయడం లేదు.

నియరెస్ట్ పేరు ఎక్కడా లేకుండా పోయిందా అంటే అదీ కాదు. 1967లో వెలువడిన జాక్ డేనియల్ జీవితచరిత్రలోనే అతని ప్రస్తావన, కొడుకుల ప్రస్తావన ఉన్నాయి. 1904 ప్రాంతపు ఫోటో ఒకటుంది. పనివాళ్ల నడుమ కూర్చున్న జాక్ పక్కనే ఒక నల్లమనిషి ఉన్నాడు. అతడు నియరెస్ట్ కొడుకు జార్జి గ్రీన్ అని భావిస్తున్నారు. తెల్లవారూ నల్లవారూ పక్కపక్కన కూర్చోవడం సహించని ఆనాటి దక్షిణాదిలో ఆ కూర్చోవడం చిన్న విషయం కాదు. పుస్తకంలో ఉంది, ఫోటోలో ఉంది, ఆ కుటుంబం నోట ఉంది. లేనిది బట్టీ తన గురించి తాను చెప్పుకునే కథలో. ఆ కథలో ఏముండేది? జాక్ ఒకనాడు ఇనప్పెట్టె తెరుచుకోక కోపంతో తన్నితే కాలివేలు చెడి, చివరికి 1911లో ప్రాణం తీసిందన్న వృత్తాంతం ఉండేది. అది కట్టుకథ అని మరో జీవితచరిత్రకారుడు తేల్చాడు. యజమాని కాలివేలికి దొరికిన చోటు గురువుకు దొరకలేదు. మేము ఎం.ఏ.లో సాహిత్యచరిత్రను రాయల యుగమనీ మరొకటనీ చదివినవాళ్లం. పేరు ఎవరిది పెడతారో అక్కడే చరిత్ర సగం రాయబడుతుందని నాకు బోధపడింది ఇలాంటి సంగతుల వల్లనే.

2016లో కంపెనీ 150వ వార్షికోత్సవం జరుపుకుంది. ఆ సందర్భంలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక నియరెస్ట్ సంగతి రాసింది. అది చదివి ఫాన్ వీవర్ అనే నల్లజాతి రచయిత్రి లించ్‌బర్గ్ వచ్చి, దస్తావేజులు వెదికి, వృద్ధుల మాటలు సేకరించింది. 2017లో కంపెనీ నియరెస్టును తన మొదటి మాస్టర్ డిస్టిలరుగా ప్రకటించింది. గైడు చెప్పే కథలో కూడా అతనికి చోటొచ్చింది. వీవర్ అతని పేరుతోనే వేరే విస్కీ కంపెనీ పెట్టింది. 2025లో, అప్పిచ్చిన సంస్థ దావా వేయగా, ఆ కంపెనీకి కోర్టు రిసీవరును నియమించింది. పేరు సొంతమే, పెట్టుబడి అప్పుది.

ఇప్పుడు వారసత్వం దగ్గరికి వద్దాం. జాక్‌కు పిల్లలు లేరు. 1907లో బట్టీని బంధువులకు అప్పగించాడు. అది చివరికి మేనల్లుడు లెమ్ మోట్లో చేతికి చిక్కింది. మోట్లో 1947లో చనిపోయాక అతని సంతానానికి వచ్చింది. వాళ్లు 1956లో బ్రౌన్-ఫోర్మన్ కంపెనీకి అమ్మేశారు. అది బ్రౌన్ కుటుంబం పట్టులో ఉన్న కంపెనీ. ఇది ఒక వారసత్వం. దీన్ని కాగితాల మీద రాసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నియరెస్ట్ కొడుకులకూ మనుమలకూ అదే ప్రాంగణంలో వచ్చినది పని. పని అమ్ముడుపోదు, రోజూ వెళ్లి చేయాలి. రెండింటినీ ఒకే మాటతో 'కుటుంబ సంప్రదాయం' అంటే వినేవాడికి తేడా తెలియదు. గైడు గొంతులోని గర్వం నిజమైనదే. అతని తాత చేతి నేర్పు అబద్ధం కాదు. కాని పూర్వం తాత చేతులు సరుకును తయారుచేస్తే, ఇప్పుడు తాత జ్ఞాపకమే సరుకులో భాగమైంది. జీతం రెండింటికీ కంపెనీయే ఇస్తోంది.

2017 జాబితాలో నియరెస్ట్ మొదటివాడు, జాక్ రెండోవాడు. ఆ ఏడాది ఆ బట్టీ జీతాల పట్టీలో నియరెస్ట్ వంశస్థులు ముగ్గురున్నారు.