విభాజ్య కణజాలాలు

చెట్టు మానుకు ఛాతీ ఎత్తున కొట్టిన మేకు ఇరవై ఏళ్ల తరువాతా అదే ఎత్తులో ఉంటుంది. మొక్క ఒళ్లంతా సాగదు. కణాలు విభజన చెందుతూ ఉండే కొన్ని చోట్లే పెరుగుతుంది. ఆ చోట్ల ఉండే కణాల సముదాయమే విభాజ్య కణజాలం. 1858లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలీ దీనికి మెరిస్టెమ్ అని పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు విభజించినది అని అర్థం.

ఈ కణాలు సాధారణంగా చిన్నవి. కణకవచం పలుచన, కేంద్రకం పెద్దది, జీవపదార్థం చిక్కన. కణాల మధ్య ఖాళీలు దాదాపు ఉండవు. విభజన మానిన కణాలు ఒక్కో పనికి తగిన రూపం పొంది శాశ్వత కణజాలాలు అవుతాయి.

ఉండే చోటును బట్టి ఇవి మూడు రకాలు. కాండం, వేరు కొనల్లో ఉండేది అగ్ర విభాజ్య కణజాలం. మొక్క పొడవు పెరగడం ప్రధానంగా దీని పనే. వేరు కొనకు మట్టి రాపిడి తగలకుండా వేరుతొడుగు కాపాడుతుంది. కాండం కొనను లేత ఆకులు కప్పి ఉంచుతాయి. కొనలో తయారయ్యే ఆక్సిన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. అందుకే బంతి మొక్కకు తల తుంచితే గుబురుగా కొమ్మలు వేస్తుంది. కొబ్బరికి, తాటికి ఆ వెసులుబాటు లేదు. వాటికి ఉన్నది ఒక్క మొవ్వే. కొమ్ము పురుగు దాన్ని అగ్రందాకా తొలిచేస్తే చెట్టే పోతుంది.

మధ్యస్థ విభాజ్య కణజాలం శాశ్వత కణజాలాల నడుమ, ఎక్కువగా కణుపుల దగ్గర, ఆకుల మొదళ్లలో ఉంటుంది. పశువులు మేసిన గడ్డి మళ్లీ ఎదిగేది దీనివల్లే. వేరుశనగలో పూత తరువాత ఊడ సాగి నేలలోకి దిగడం కూడా ఈ కణజాలం చలవే. అండాశయం అడుగున ఉన్న కణాలు విభజన చెందకపోతే కాయ మట్టిని చేరదు. ఇది తాత్కాలికమైనది; కొంతకాలానికి పూర్తిగా శాశ్వత కణజాలంగా మారిపోతుంది.

కాండాన్ని, వేరును లావెక్కించేది పార్శ్వ విభాజ్య కణజాలం. ఇందులో ముఖ్యమైనది కేంబియం. ఇది లోపలివైపు దారువును, బయటివైపు పోషక కణజాలాన్ని ఏర్పరుస్తుంది. సాధారణంగా దారువే ఎక్కువ, కనుకనే మానులో కలప భాగం అంత పెద్దది. టేకు మొద్దులో కనిపించే వలయాలు కేంబియం రుతువులను బట్టి వేగం మార్చుకున్న గుర్తులు. బెరడును ఇచ్చేది మరో పొర, బెండు కేంబియం. పోర్చుగల్‌లో కార్క్ ఓక్ చెట్ల బెండును సుమారు 9 ఏళ్లకోసారి ఒలిచినా చెట్టు మళ్లీ బెరడు కట్టుకుంటుంది.

మామిడి అంటు అతకాలంటే కొమ్మలోని కేంబియం, మొదలులోని కేంబియం ఒకదానికొకటి ఆనాలి. కేంబియం లేని కొబ్బరికి ఇలా అంటు కట్టడం కుదరదు. తోటల్లో దాన్ని కాయ నుంచే మొలకెత్తిస్తారు.