అడవిదారిలో అధ్యాపకుడు: మనస్సంచారంపై ప్రాచీన విచారణ

మనస్సు అన్యత్ర లగ్నమైనప్పుడు కన్ను తెరిచి ఉన్నా రూపం గోచరించదు; శబ్దం చెవిని తాకినా వినబడదు. ఈ నిత్యానుభవాన్నే బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయం మనస్సు ఉనికికి గమకంగా గ్రహించింది.

అక్షపాద గౌతముడు న్యాయసూత్రాలలో ఈ విషయాన్ని అనుమానప్రమాణంతో స్థాపించాడు. ఇంద్రియాలన్నీ తమ తమ విషయాలతో ఏకకాలంలో సన్నికర్షం పొందుతున్నా, జ్ఞానాలు మాత్రం యుగపత్తుగా ఉదయించవు. కనుక ఆత్మకూ ఇంద్రియాలకూ నడుమ అణుపరిమాణం గల మనస్సు ఉండాలి. అది ఒక క్షణంలో ఒక్క ఇంద్రియంతోనే సంయోగం పొందుతుంది.

దీనిపై వచ్చే ఆక్షేపాన్ని భాష్యకారుడైన వాత్స్యాయనుడు కన్నులకు కట్టించాడు. ఒక అధ్యాపకుడు అడవిదారిన పాఠం వల్లిస్తూ నడుస్తున్నాడు. చేత కమండలువు ఉంది. చూపు దారిపై ఉంది. చెవి అరణ్యధ్వనులను ఆలకిస్తోంది. క్రూరమృగాల జాడ ఉన్నదేమోనన్న భయమూ, చేరవలసిన చోటి స్మరణా వెంట ఉన్నాయి. ఇన్నీ ఒకేసారి జరుగుతుంటే జ్ఞానాలకు క్రమమెక్కడిది?

గౌతముని సమాధానం అలాతచక్రం. గిరగిర త్రిప్పిన కొరవి అగ్నివలయంగా భాసిస్తుంది. అట్లే మనస్సు అతిశీఘ్రంగా సంచరించడం వల్ల క్రమం మరుగుపడి, యౌగపద్యభ్రాంతి కలుగుతుంది. భాట్టమీమాంసకులు దీనిని అంగీకరించక, మనస్సు విభువని వాదించారు.

ఆధునిక మనశ్శాస్త్రమూ ఈ సంచారాన్ని పరిశీలించింది. ఒకే విధమైన గణనను వరుసగా చేయడం కంటె రెండింటిని మార్చి మార్చి చేయడానికి అధికకాలం పడుతుందని ఆర్థర్ జెర్సిల్డ్ 1927లో చూపాడు. కన్ను కదలకుండానే అవధానం ఒక చోటినుండి మరొక చోటికి మరలగలదని మైకేల్ పోస్నర్ 1980లో వివరించాడు. నుదుటి వెనుకనున్న మెదడు భాగమూ, నడినెత్తి క్రింది భాగమూ ఈ మరలింపులో ప్రధానపాత్ర వహిస్తాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఇవి మనస్సు అణుత్వాన్ని నిరూపించవు. మరలడానికి మూల్యం ఉన్నదని మాత్రం చెబుతాయి.

ఆ అధ్యాపకుని మనస్సు పాఠంలోనే స్తంభించి ఉంటే, పొదలోని మృగం అలికిడి వినబడేది కాదు. కనుక చలనం మనస్సుకు దోషం కాదు. చలనంపై స్వామ్యం లేకపోవడమే దోషం. గీత షష్ఠాధ్యాయంలో భగవానుడు మనస్సు సంచరించరాదని శాసించలేదు. అది ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుండి మరల్చి ఆత్మవశం చేయమన్నాడు. జపవేళ మనస్సు పదిమార్లు చెదిరిందని కుంగే సాధకునికి ఇందులో ఊరట ఉంది: పదిమార్లు మరల్చడమే ఆనాటి అభ్యాసం. పోగల మనస్సుకే తిరిగి రాగల శక్తి ఉంది.