తెలుగు భిన్నపు అంకెలు

ఒకటికి లోపున్న పరిమాణాలను నాలుగు ఆధారంగా రాసేందుకు తెలుగువారు వాడిన అంకెలివి. పూర్ణసంఖ్యలు పదుల్లో నడిచేవి. ఒకటి లోపలికి దిగగానే లెక్క నాలుగుల్లోకి మారేది. పదిని కాక వేరే సంఖ్యను పట్టుకున్న జాతులు చాలానే ఉన్నాయి. బాబిలోనియన్లది అరవై, మాయా ప్రజలది ఇరవై. తెలుగు లెక్కలో మాత్రం రెండు ఆధారాలు ఒకే సంఖ్యలో పక్కపక్కనే కుదురుకున్నాయి.

ఒకటిని నాలుగు చేస్తే పావు, పావును నాలుగు చేస్తే వీసం, వీసాన్ని మళ్లీ నాలుగు చేస్తే కాణి, అంటే 64వ వంతు. పావు, అర, ముప్పావులకు నిలువు గీతలు: ౹, ౺, ౻. వీసాలకు అడ్డగీతలు: ౼, ౽, ౾. కాణి స్థానంలో మళ్లీ నిలువు గీతలే వస్తాయి. నిలువు స్థానం ఖాళీగా ఉంటే ౸ అనే హళ్లి, అడ్డ స్థానానికి మామూలు సున్న. గీత వాలును బట్టే స్థానం తెలుస్తుంది కనుక పూర్ణసంఖ్యకూ భిన్నానికీ మధ్య చుక్క పెట్టాల్సిన పని లేదు. చైనాలో లెక్కల పుల్లలను ఒకట్లకు నిలువుగా, పదులకు అడ్డంగా పేర్చడం వెనకా ఇదే యుక్తి.

రూపాయికి 16 అణాలున్న కాలంలో ఇది అతికినట్టు సరిపోయేది. అణా అంటే రూపాయిలో వీసం, నాలుగణాలు పావలా. ఐదు రూపాయల పద్నాలుగణాలు రాయాలంటే ౫౻౽ చాలు: ఐదు రూపాయలు, మూడు పావలాలు, రెండణాలు. ఆ రెండణాలనే బేడ అన్నారు. కాణి పావు అణా. అణాకు 12 చొప్పున ఉండే పైలు మాత్రం ఈ వరుసలో ఇమడవు.

ధాన్యం కొలతల్లోనూ ఇదే పట్టు. ప్రాంతాన్ని బట్టి పాత్ర పరిమాణం మారినా, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. పైకి వెళితే కథ వేరు: పుట్టికి 20 తూములు. మళ్లీ భిన్నాలకు వస్తే, పొరుగున తమిళంలో కాణి అంటే 80వ వంతు. అక్కడి భిన్నాల్లో ఐదులూ ఇరవైలూ కలిశాయి. నాలుగును చివరిదాకా వదలని తెలుగు లెక్కే వీటిలో శుభ్రమైనది.

పద్ధతిలో లోపం వల్ల ఇది పోలేదు. అది ఆనుకున్న నాణేలూ కొలపాత్రలూ మారిపోయాయి, అంతే. 1956లో తూనికలు, కొలతల చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయా పైసలైంది. పావలా పేరు 25 పైసల బిళ్లకు అంటుకుని ఇంకొంతకాలం బతికింది. 2011 జూన్ 30 తర్వాత ఆ బిళ్లా చెల్లలేదు. మాటల్లో మాత్రం వీసమెత్తు, పదహారణాల తెలుగు, చిల్లుకాణీ ఇంకా నడుస్తున్నాయి. వీటిలో చివరిది 1943-47 మధ్య నడుమ చిల్లుతో ముద్రించిన రాగి రంగు కాణీని గుర్తుచేస్తుంది.

2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో ఈ ఏడు అంకెలకూ, తూము గుర్తు ౿కూ చోటు దక్కింది. కొన్ని ఖతుల్లో ఇవి లేవు. అక్కడ వీటి బదులు ఖాళీ గడులు కనిపిస్తాయి.