పక్కింటికి సున్నం వేస్తే...

సంక్రాంతి ముందు మా వీధిలో ఓ తమాషా జరిగేది. మొదట ఎవరో ఒకరు ఇంటికి సున్నం వేయిస్తారు. మర్నాటికల్లా ఎదురింటివాళ్ళకి తమ గోడలు మాసిపోయినట్టు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి వీధంతా తెల్లగా మెరుస్తూ ఉంటుంది. "వాళ్ళని చూసి వేయించాం" అని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అది వేరే సంగతి :-)

సొంత వెబ్‌సైట్ల వీధిలో కూడా ఒకప్పుడు అచ్చం ఇలాగే జరిగింది. కాకపోతే అక్కడ ఒప్పుకునేవాళ్ళు. ఎవరిని చూసి చేశారో, ఎలా చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో అంతా రాసి మరీ పెట్టేవాళ్ళు. మొన్నామధ్య నా పాత సైటు మళ్ళీ కడదామని కూర్చున్నాను. రెండు వారాంతాలు గడిచాయి గానీ ఒక్క లైను రాయలేదు. వేబ్యాక్ మెషీన్‌లో ఇతరుల సైట్ల పాత రూపాలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ ఉండిపోయాను. పని కాలేదు కానీ ఒక సంగతి బోధపడింది. ఆఫీసులో మనం ఆలోచించకుండా వాడేసే డిజైన్ పద్ధతులు చాలా వరకు ముందుగా ఎవరో ఒకరి సొంత పేజీలోనో, సొంతంగా నడుపుకునే చిన్న పత్రికలోనో పరీక్షకి నిలబడ్డాయి. ఆ కథే ఈ టపా.

మొదట నేపథ్యం. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాంకేతికతని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. దానికి తోడు బ్రౌజర్లలో 'వ్యూ సోర్స్' ఉండేది. నచ్చిన పేజీ కనిపిస్తే దాని లోపల ఏముందో అక్కడికక్కడే చదువుకోవచ్చు. సి ప్రోగ్రాం నేర్చుకున్నవాడికి పుస్తకమో మాస్టారో కావలసి వచ్చింది, హెచ్‌టీఎమ్ఎల్ నేర్చుకున్నవాడికి పక్కింటి గోడే పలక.

అయితే ఆ పలక మీద ఉన్నవన్నీ మంచి పాఠాలు కావు. పేజీలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పడానికి సీఎస్సెస్ అనే ఆలోచనని హోకున్ వియం లీ 1994 అక్టోబరులోనే ప్రతిపాదించాడు. మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది. బ్రౌజర్లు దాన్ని సరిగ్గా పాటించకపోవడంతో డిజైనర్లు అడ్డదారి పట్టారు. లెక్కలు చూపించడానికి పుట్టిన టేబుళ్ళలో పేజీ మొత్తాన్ని ఇరికించారు. ఖాళీ కావలసిన చోట కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మ పెట్టి సాగదీశారు. ఈ విద్యని అందరికీ నేర్పినవాడు డేవిడ్ సీగెల్, 1996లో వచ్చిన తన పుస్తకంతో. మరుసటి సంవత్సరమే ఆయన వెబ్ పాడైపోయిందనీ, పాడు చేసింది తనేననీ బాహాటంగా వ్యాసం రాశాడు. ప్రొడక్షన్‌లో ఉన్న తన కోడ్ తప్పని తానే రాసిపెట్టే ఇంజనీర్లు మనలో ఎంతమంది?

తర్వాతివాడు జెఫ్రీ జెల్డ్‌మన్. 1995 నుంచీ సొంత సైటు నడుపుతున్న మనిషి. బ్రౌజర్లు ప్రమాణాల్ని పాటించాలని పోరాడిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టుని 1998లో మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. 2001 ఫిబ్రవరిలో తను నడిపే 'ఎ లిస్ట్ అపార్ట్' పత్రికని టేబుళ్ళు పీకేసి సీఎస్సెస్‌తో తిరిగి కట్టాడు. నెట్‌స్కేప్ 4 వాడేవాళ్ళకి ఆ పత్రిక అలంకారాలేవీ లేకుండా బోసిగా కనిపించేది. చదవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. "బొమ్మ పోయినా మాట పోకూడదు" అన్నదే ఆ నిర్ణయం సారాంశం. ఏ బ్యాంకు సైటుకో పని చేస్తూ ఈ మాట అంటే క్లయింటు మర్నాడే ఫోన్ చేస్తాడు. సొంత ఇంట్లో అడ్డు చెప్పేవాడు లేడు. సొంత సైటు గొప్పదనం అక్కడుంది. అడగాల్సిన అనుమతి లేదు, పోయేది మన పరువొక్కటే.

చిన్న చోట నిలబడ్డాక పెద్దవాళ్ళకి ధైర్యం వస్తుంది. 2002 అక్టోబరులో వైర్డ్ న్యూస్ సైటు పూర్తిగా సీఎస్సెస్‌లోకి మారింది. ఆ పని వెనక ఉన్నది డగ్లస్ బౌమన్. తన సొంత సైటు 'స్టాప్‌డిజైన్'లో తన పని గురించి వివరంగా రాసేవాడు. ఆ రాతలు చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు చాలామంది.

2003 మేలో వాంకూవర్‌కి చెందిన డేవ్ షే 'సీఎస్సెస్ జెన్ గార్డెన్' మొదలుపెట్టాడు. ఒకే ఒక్క హెచ్‌టీఎమ్ఎల్ పేజీ. దాంట్లో అక్షరం ముట్టుకోకూడదు. సీఎస్సెస్ ఫైలూ బొమ్మలూ మార్చి ఎవరికి నచ్చిన రూపం వాళ్ళు ఇవ్వొచ్చు. ఒకరు సముద్రం గీశారు, ఇంకొకరు పాత సినిమా పోస్టరులా మార్చారు. విషయం వేరు, రూపం వేరు అని ఎన్ని పాఠాలు చెప్పినా ఎక్కనిది అక్కడ రెండు క్లిక్కుల్లో ఎక్కేది. నాకు అంతకన్నా నచ్చింది అక్కడి షరతు. డిజైన్ పంపేవాళ్ళు తమ సీఎస్సెస్‌ని క్రియేటివ్ కామన్స్ కింద వదలాలి, ఇతరులు చదివి నేర్చుకోవడానికి. బొమ్మల మీద హక్కు మాత్రం గీసినవాళ్ళదే. పద్ధతి అందరిదీ, ముఖం ఎవరిది వాళ్ళదే అన్నమాట. ఈ షరతుని గుర్తుంచుకోండి, కాసేపట్లో నా బండారం బయటపెట్టేటప్పుడు పనికొస్తుంది.

ఆ రోజుల్లో పుట్టిన రెండు కిటుకుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టేబుల్లో పక్కపక్కన ఉన్న గళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి. అప్పటి సీఎస్సెస్‌లో రెండు నిలువు వరసలు పెడితే ఏ వరసలో ఎంత విషయం ఉంటే అంతే ఎత్తు. పక్క వరసకి రంగు వేస్తే అది సగంలో ఆగిపోతుంది. డాన్ సెడర్‌హోమ్ సొంత సైటు 'సింపుల్‌బిట్స్'లో మాత్రం పక్క వరస రంగు కిందిదాకా వచ్చేది. ఎలా అని అందరూ అడగడంతో 2004 జనవరిలో జెల్డ్‌మన్ పత్రికలోనే గుట్టు విప్పాడు. అక్కడ నిజానికి రంగున్న వరసే లేదు. పేజీ వెడల్పు ఉండి కొద్ది పిక్సెళ్ళ ఎత్తున్న బొమ్మని వెనకాల నిలువుగా పరిచాడు, అంతే. చూసేవాళ్ళకి గోడ, దగ్గరికెళ్తే తెర.

రెండోది బౌమన్ 2003 అక్టోబరులో రాసిన 'జరిగే తలుపులు' పద్ధతి. ట్యాబు గుండ్రటి మూలల కోసం ఒకే బొమ్మ వాడితే, లోపలి మాట పెద్దదైనప్పుడు పొంగిపోతుంది. ఆయన రెండు బొమ్మలు తీసుకుని ఒకదాని మీదుగా ఇంకొకటి జరిగేలా పెట్టాడు. మాట ఎంత పెరిగితే తలుపులు అంత తెరుచుకుంటాయి. కళ్ళు సరిగ్గా కనబడనివాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకున్నా, ఇంగ్లీషులో మూడక్షరాల మాట ఇంకో భాషలో పదక్షరాలైనా ట్యాబు చెదరదు.

ఈ రెండు కిటుకులూ ఇవాళ అక్కర్లేదు. ఫ్లెక్స్‌బాక్స్ వచ్చింది, గుండ్రటి మూలలకి ఒక్క లైను చాలు. అయినా ఆ వ్యాసాలు ఇప్పటికీ చదవొచ్చు. ఎందుకంటే వాటిల్లో కోడ్ కన్నా కారణం ఎక్కువుంది.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. 2004 మేలో గూగుల్ వారి బ్లాగర్ కొత్త రూపంలో వచ్చింది. దానితోపాటు వచ్చిన మూసలు గీసింది ఎవరనుకున్నారు? పైన చెప్పుకున్నవాళ్ళే. బౌమన్, సెడర్‌హోమ్, షే, జెల్డ్‌మన్, ఇంకా టాడ్ డొమిని. మినిమా, రౌండర్స్ బౌమన్‌వి. టిక్‌టాక్ సెడర్‌హోమ్‌ది. మరుసటేడు ఫిబ్రవరిలో వర్డ్‌ప్రెస్ 1.5తో వచ్చిన 'కూబ్రిక్' మూస డెన్మార్క్‌కి చెందిన మైకేల్ హైలెమన్ చేసినది. 2005, 2006 ప్రాంతంలో తెలుగులో బ్లాగు మొదలెట్టినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. తెల్లటి మినిమానో, గుండ్రటి రౌండర్సో, నీలం తలకట్టున్న కూబ్రిక్కో కదూ? అంటే సొంత సైట్లని మళ్ళీ మళ్ళీ కట్టుకుని చెయ్యి తిరిగిన కొద్దిమంది మనుషుల నిర్ణయాలు, మనకి తెలియకుండానే, మన తెలుగు రాతలకి ఇళ్ళయ్యాయి.

నాదీ మినిమానే. ఇంగ్లీషు పేజీలో అదెంత నాజూగ్గా ఉండేదో! శీర్షికలు చిన్న సైజులో, అన్నీ పెద్దక్షరాల్లో, అక్షరానికీ అక్షరానికీ మధ్య కొంచెం గాలి. మన భాషలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కాబట్టి ఆ నియమం దండగ. మధ్యలో గాలి పెట్టడంతో "పాత టపాలు" అన్న మాట ఎవరో తన్నితే చెదిరినట్టు కనిపించేది. మామూలు సైజులో 78 శాతానికి కుదించిన గౌతమి ఫాంటులో ఏ ఒత్తు ఏదో పోల్చుకోవడానికి భూతద్దం కావాలి. ఇంగ్లీషుకి సరిపోయే వరసల ఎడం మనకి చాలదు. పైవరస ఒత్తులు కిందివరస గుడుల మీద కూర్చుంటాయి. పేరాలు రెండువైపులా సమంగా ఉంటే అందమని జస్టిఫై చేస్తే, అప్పటి ఫైర్‌ఫాక్స్ 2లో అక్షరాలు ముక్కలుముక్కలయ్యేవి. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చాకగానీ ఆ బాధ తీరలేదు.

తప్పు బౌమన్‌ది కాదు. ఆయన తన లిపికి తగ్గ ఇల్లు కట్టాడు. కొలతలు చూసుకోకుండా దిగింది మనం.

సరే, బాగు చేద్దామని మూస తెరిచాను. ఫాంటు సైజు చెప్పే లైనులో, పేరుకీ విలువకీ మధ్య ఖాళీ వ్యాఖ్యల గుర్తులు కనిపించాయి. ఎవరో పొరపాటున వదిలేశారనుకుని తీసేశాను. తర్వాతెప్పుడో తెలిసింది, అది పొరపాటు కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 సైజు పేర్లని ఒక మెట్టు పెద్దగా చూపించేది. దాన్ని పక్కకి తప్పించడానికి పెట్టిన ఎత్తు అది. పక్కవాడి కోడ్‌లో అర్థం కాని లైను కనిపిస్తే అక్కడేదో బగ్ సమాధి ఉందని అర్థం. తవ్వేముందు అడగాలి.

ఇక నా బండారం. కొన్నాళ్ళకి మినిమా మొహం మొత్తింది. ఒక విదేశీ డిజైనరు తన సైటు కొత్తగా మార్చుకుంటే చూసి మనసు పారేసుకున్నాను. వ్యూ సోర్స్ కొట్టి మొత్తం ఎత్తుకొచ్చి నా పేజీలో పెట్టేశాను. బొమ్మలు దించుకునే ఓపిక కూడా లేక ఆయన సర్వరు నుంచే వచ్చేలా లంకె ఇచ్చాను. ఒక సోమవారం పొద్దున్న ఆఫీసులో నా బ్లాగు తెరిస్తే, తలకట్టులో కొండల బొమ్మ బదులు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు: ఈ బొమ్మ ఈ సైటుది కాదు, దొంగిలించినది. పక్క సీటు మిత్రుడు నా భుజం మీదుగా చూసి, "ఏంటి బాసూ, కొత్త డిజైనా?" అన్నాడు. అదే రోజు ఆయనకి క్షమాపణ మెయిలు పెట్టి, సాయంత్రానికి మళ్ళీ మినిమాలోకి దూరాను. జెన్ గార్డెన్ షరతు అప్పుడు నిజంగా అర్థమైంది. నేను పద్ధతి వదిలేసి ముఖం తెచ్చుకున్నాను.

కామెరాన్ మోల్ అనే డిజైనరు 2005 అక్టోబరులో అదే పత్రికలో ఒక మంచి తేడా చెప్పాడు. విసుగొచ్చో, ఇంకొకళ్ళని చూసో రంగులు మార్చడం ఒకటి. ఉన్నది దేనికోసం ఉందో చూసుకుని దానికి తగ్గట్టు సర్దడం ఇంకొకటి. మొదటిది కొత్త సున్నం, రెండోది కురుస్తున్న పైకప్పు బాగుచేయించుకోవడం. ఆరోజు నా ఇంట్లో కురుస్తున్నది వరసల ఎడం. నేను మార్చింది గోడ రంగు.

తెలివొచ్చాక చేసిన మార్పులు చెప్పుకోవడానికి కూడా సిగ్గే, అంత చిన్నవి. అక్షరం సైజు పెంచాను. వరసల ఎడం ఒకటిన్నర రెట్లకి పైగా ఇచ్చాను. శీర్షికల్లో గాలి తీసేశాను, జస్టిఫై మానేశాను. చూడ్డానికి అదే మినిమా. కానీ నెలనెలా ఫోన్ చేసి "కళ్ళు నొప్పెడుతున్నాయిరా" అనే మా బాబాయి ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఈ కథలో ఆఖరి మలుపు 2010 మే 25. ఈథన్ మార్కోట్ 'ఎ లిస్ట్ అపార్ట్'లోనే 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అనే వ్యాసం రాశాడు. తెర ఎంత ఉంటే పేజీ అంతకి ఒదగాలన్న ఆలోచన. జరిగే తలుపులకి మనవడన్నమాట. ఆ తర్వాత అందరి దగ్గరా సిద్ధంగా ఉన్న ఫ్రేంవర్కులు వచ్చాయి, సొంత పేజీల కాపురం ఫేస్‌బుక్ అపార్టుమెంట్లలోకి మారింది. అపార్టుమెంటులో సుఖం ఉంది, కాదనను. కానీ మన గోడకి మనం సున్నం వేసుకోలేం. మన ఒత్తులకి ఎంత చోటు కావాలో నిర్ణయించేది మనం కాదు.

అందుకే నా సైటు మళ్ళీ కట్టే పని మానలేదు. ఈసారి ఇతరుల సైట్లు చూసేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ మనిషి దీన్ని ఏ బాధ పడలేక మార్చాడు? ఆ బాధ నాకూ ఉంటే ఆయన పద్ధతి తెచ్చుకుంటాను, పేరు చెప్పి మరీ. లేకపోతే చూసి ఆనందించి వచ్చేస్తాను.

ఇప్పటికి తేలిందల్లా ఒక్క లైను, వరసల ఎడం ఎంతుండాలో. మిగతాది వచ్చే వారాంతం.