షల్, విల్ అను క్రియల చరిత్రము

ఆంగ్లమున భవిష్యదర్థమును దెలుపు సహాయక్రియలు ముఖ్యముగా రెండు: షల్, విల్. ఉత్తమపురుషమున షల్ కేవలభవిష్యత్తును, విల్ సంకల్పమును దెలుపుననియు, తక్కిన పురుషములందు దీనికి విపర్యయమనియు పాఠశాలావ్యాకరణములు చిరకాలము బోధించినవి. ఈ నియమ మెట్లు పుట్టినదో విచారింతము.

ప్రాచీనాంగ్లమున భవిష్యత్తునకు ప్రత్యేకక్రియారూపము లేదు. వర్తమానరూపమే దానికిని చెల్లుచుండెను. నాడు షల్ పదమునకు ఋణపడియుండుట యని మూలార్థము. జర్మనుభాషయందు ఋణవాచియగు షుల్ట్ దీనికి జ్ఞాతి. విల్ పదమునకు కోరుట యని యర్థము. తీర్పవలసిన ఋణమును, తీరవలసిన కోరికయు ముందు జరుగవలసినవే గావున, రెండు క్రియలును క్రమముగా భవిష్యద్బోధకములైనవి. 14వ శతాబ్దమున వైక్లిఫ్ పేర వెలసిన బైబిలనువాదమున లాటిను భవిష్యద్రూపములకు షల్ విరివిగా వాడబడినది.

పురుషభేదనియమమును స్పష్టముగా సూత్రీకరించినవాడు జాన్ వాలిస్. ఈతడు ఆక్స్‌ఫర్డున రేఖాగణితాచార్యుడు. 1653లో పరదేశీయుల యుపయోగమునకై ఆంగ్లవ్యాకరణమును లాటినున రచించెను. పరులకు దారి చూపుటకై చెప్పిన సూత్రము, పిమ్మటి వ్యాకర్తల చేతులలో స్వదేశీయులకే శాసనమయ్యెను. స్కాట్లండు, ఐర్లండు వాసులు దీనిని పాటింపకుండుటచే పరిహాసపాత్రులైరి. నీట మునుగుచున్న యొకడు ఈ క్రియలను తారుమారు చేసి కేకవేయగా, వాడు మునుగ నిశ్చయించినాడని తలచి యొడ్డుననున్నవా రూరకుండిరను కథ యట్టిదే.

1925లో అమెరికా పండితుడు చార్లెస్ ఫ్రీస్ ఆంగ్లనాటకములలోని ప్రయోగములను లెక్కించి, ఉత్తమపురుషమునను విల్ ప్రయోగమే మిక్కిలి యధికమని చూపెను. కావున వాలిస్ సూత్రము వాడుకను సంపూర్ణముగ వర్ణించినది కాదు.

అయినను షల్ తన ఋణార్థమును విడువలేదు. 1950 జనవరి 26న పూర్ణముగ నమలునకు వచ్చిన భారతరాజ్యాంగముయొక్క యాంగ్లపాఠము, రాష్ట్రపతి యుండవలెనను విధిని షల్ తోడనే చెప్పుచున్నది. అచట దానిని కేవలభవిష్యత్తుగా గ్రహించినచో విధి జోస్యమగును.

తెలుగున వలయు ధాతు వొక్కటియే యీ రెండర్థములను వహించుచున్నది: నాకు నీరు వలయును అన్నచో కోరిక, పోవలయును అన్నచో విధి. తెలుగుబాలునకు షల్, విల్ నేర్పునపు డుపాధ్యాయుడు పురుషభేదపట్టికతో గాక యీ యర్థభేదముతో నారంభించుట యుక్తము. పట్టికను చరిత్రముగా నేర్పవచ్చును. దానినిబట్టి మాత్రమే విద్యార్థి వాక్యమును తప్పని కొట్టివేయుట న్యాయము గాదు.